టార్పన్ కోసం ఫ్లోరిడా కీస్: ఏ నీళ్ళు, ఏ నెల, ఏ గైడ్?

టార్పన్ అనే పెద్ద సముద్రపు చేపని ఫ్లై ఫిషింగ్ పద్ధతిలో వేటాడదామనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది రాడ్, అంటే గాలం కర్ర, గురించి. ఏ కంపెనీది కొనాలి, ఎంత బలమున్నది, అంటే ఎన్నో నంబరుది, ఎంత పెట్టాలి అని. నిజానికి అది ఆఖర్న తేల్చుకోవాల్సిన సంగతి. ముందు తేలాల్సినవి మూడు: ఏ నీళ్ళలో వెతుకుతారు, ఏ నెలలో వెళ్తారు, పడవ వెనక గెడ పట్టుకుని నిలబడే మనిషి ఎవరు. ఈ మూడూ కుదిరితే గైడ్ దగ్గరున్న పాత రాడ్‌తోనైనా పని జరుగుతుంది. కుదరకపోతే వెయ్యి డాలర్ల రాడ్ చేతిలో ఉన్నా రోజంతా ఖాళీ నీళ్ళు చూస్తూ నిలబడాలి.

నేనుండేది ఫ్లోరిడాలోనే, టాంపాలో. చిన్నప్పుడు కృష్ణా డెల్టాలో కాలవ గట్టు మీద వెదురు కర్రకి గాలం కట్టి, వానపాము గుచ్చి, బెండు ఎప్పుడు మునుగుతుందా అని చూస్తూ కూర్చునేవాణ్ణి. ఫ్లై ఫిషింగ్ దానికి పూర్తిగా ఎదురు పద్ధతి. ఇక్కడ చేప వచ్చేదాకా కూర్చోవడం ఉండదు. చేప కంటికి కనిపించాలి, కనిపించిన ఆ చేపకే వేయాలి. ఎర అనుకునేది ఈకలూ బొచ్చూ కట్టిన ఒక గాలం, అంతే. దానికి బరువే ఉండదు. అందుకని మనం గాల్లోకి విసిరేది ఎరని కాదు, బరువున్న లైన్‌ని. లైన్ ముందుకు సాగుతూ ఆ ఫ్లైని వెంట తీసుకుపోతుంది.

ఇక చేప సంగతి. కీస్‌లో వంద పౌన్లు దాటిన టార్పన్ మామూలుగానే కనిపిస్తుంది. ఒళ్ళంతా పెద్ద పెద్ద వెండి పొలుసులు, పైకి తిరిగిన దవడ, గుడ్లప్పగించినట్టుండే కళ్ళు. మొప్పలతోనే కాకుండా పైకొచ్చి గాలి కూడా మింగగలదు. తెల్లవారుజామున నీళ్ళు అద్దంలా ఉన్నప్పుడు ఒక వీపు మెల్లగా పైకి తిరిగి, తళుక్కుమని, మళ్ళీ లోపలికి జారిపోతుంది. దాన్ని రోలింగ్ అంటారు. అది ఒక్కసారి దగ్గర నుంచి చూసినవాళ్ళు మళ్ళీ ఏడాది వెళ్ళకుండా ఉండలేరు. దీని చుట్టం ఒకటి మన బంగాళాఖాతం ఒడ్డున, నదులు సముద్రంలో కలిసే చోట్ల కూడా ఉంది. కానీ అది చాలా చిన్న చేప. ఈ వేట మాత్రం అట్లాంటిక్ టార్పన్‌ది.

సముద్రం వైపా, లోపలి వైపా?

కీస్ అంటే ఫ్లోరిడా కొస నుంచి కీ వెస్ట్ దాకా సాగే దీవుల వరస. ఒక పక్క అట్లాంటిక్, రెండో పక్క ఫ్లోరిడా బే. ఇస్లమొరాడాలో ఒకే రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూస్తే రెండూ కనిపిస్తాయి. రెండు వైపులా టార్పన్ ఉంటుంది. కానీ రెండూ వేర్వేరు ఆటలు. ఈ తేడా ముందే తెలిసుంటే నా మొదటి రెండేళ్ళు చాలా మేలుగా గడిచేవి.

సముద్రం వైపు అడుగున తెల్ల ఇసుక, మీద నాలుగు నుంచి ఎనిమిది అడుగుల నీళ్ళు. వలస వచ్చే చేపలు ఐదో, పదో, ఒక్కోసారి ముప్పయ్యో వరసగా తీరం వెంబడి నడుస్తాయి. వాటికి రోజూ తిరిగే దారులున్నాయి. గైడ్లకి ఆ దారులు కంఠతా వచ్చు. పడవని అక్కడ గెడకి కట్టి నిలబెట్టి, ఎదురు చూస్తారు. ఇందులో మంచి ఏమిటంటే తెల్ల ఇసుక మీద నల్లటి నీడల్లా చేపలు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. గుండె దడదడలాడుతున్నా ఊపిరి తీసుకుని సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. మంచి రోజైతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇరవై ముప్పై సార్లు వేసే అవకాశం కూడా వస్తుంది. చెడు ఏమిటంటే ఆ చేపలు ప్రయాణంలో ఉన్నాయి, తిండి మీద ధ్యాస తక్కువ. పైగా జూన్ వచ్చేసరికి ప్రతి చేప ఎన్నో పడవల్ని, ఎన్నో ఫ్లైలని చూసి ఉంటుంది. సరిగ్గా వేసినా ఒకసారి చూసి తల తిప్పుకుని పోతుంది. ఆగ్నేయపు గాలి లేస్తే అలలు తగిలి పడవ ముక్కు ఊగుతుంది. ఆ ఊగుడులో నిలబడి గాలికి ఎదురు వేయడం కొత్తవాళ్ళ వల్ల కాదు.

లోపలి వైపు, అంటే బ్యాక్‌కంట్రీ, మడ చెట్ల దీవులూ వాటి మధ్య నిలిచిన నీళ్ళూ. ఇక్కడ చేప నడవదు. గాలి లేని పొద్దుట నీటి పై పొరకి కాస్త కింద కదలకుండా పడుంటుంది. గైడ్లు దీన్ని లెయిడ్ అప్ అంటారు. చూడ్డానికి నీళ్ళలో మునిగిన దుంగలా ఉంటుంది. ఒక్కోసారి తోక కొస మాత్రమే పైకి కనిపిస్తుంది. మోటారు ఎప్పుడో ఆపేసి ఉంటారు. గైడ్ గెడ దించే చప్పుడు కూడా వినపడకుండా పడవని దగ్గరికి తెస్తాడు. ఫ్లై దాని మూతికి రెండు మూడు అడుగుల ముందు, కాస్త అవతలగా, మెత్తగా పడాలి. ఇంకా దగ్గర పడితే నీళ్ళు బద్దలైనట్టు పారిపోతుంది. దూరం పడితే దానికి కనపడదు. దూరం వేయనక్కర్లేదు, చాలాసార్లు నలభై అడుగులు చాలు. కానీ గురి మాత్రం తప్పకూడదు. ఫ్లై సరైన చోట పడిందంటే ఈ చేప తినే అవకాశం సముద్రం వైపు చేప కంటే బాగా ఎక్కువ.

నా మాట: మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఒకే రోజులో రెండు వైపులా తిప్పగల గైడ్‌ని అడగండి. పొద్దున్నే గాలి లేని వేళ లోపల, ఎండ నెత్తి మీదికొచ్చాక సముద్రం వైపు. సూర్యుడు పైన ఉంటేనే ఇసుక మీద చేప కనిపిస్తుంది కాబట్టి ఈ వరస కుదురుతుంది కూడా. ఏదో ఒకటే ఎంచుకోవాలంటే, దూరం వేయలేకపోయినా గురి ఉన్నవాళ్ళు బ్యాక్‌కంట్రీకి వెళ్ళాలి. గాలిలో అరవై అడుగులు వేయగలిగినవాళ్ళు సముద్రం వైపు.

నాకు మొదటి చేప ఫ్లై తిన్నది సముద్రం వైపే. ఆరు చేపల వరస, పదకొండు గంటల దిక్కున. గడియారం లెక్క గురించి కింద చెప్తాను. రెండోది వరస వదిలి పక్కకి వాలి, ఫ్లై వెనకాలే వచ్చి, నోరు తెరిచింది. బకెట్ మూతంత తెల్లటి నోరు. మొప్పలు విచ్చుకోవడం కూడా కనిపించింది. కాలవ గట్టు మీద నేర్చుకున్న చెయ్యి అది, కర్ర పైకి లాగేసింది. ఫ్లై నోట్లోంచి ఊడి పడవ మీదికి తిరిగొచ్చింది. టార్పన్ నోరు లోపల అంతా ఎముకే. కర్ర ఎత్తితే గాలం దిగదు. కర్ర కొసని చేప వైపే ఉంచి, లైన్‌ని ఎడమ చేత్తో గట్టిగా, సాగదీసి లాగాలి, ఒకసారి కాదు, రెండు మూడు సార్లు. ఆ రోజు గైడ్ ఏమీ అనలేదు. నీళ్ళ సీసా చేతికిచ్చి, "ఆ చేప తిన్నది, అది నువ్వు చేసిన పనే" అన్నాడు. తర్వాత అరగంట చేపలు రాకపోతే, ఖాళీ నీళ్ళ మీద నా చేత లాగించి లాగించి ఆ ఒక్క కదలిక నేర్పాడు. అలాంటి గైడ్ ఎలా దొరుకుతాడో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నెల

కీస్‌లో పెద్ద టార్పన్ కాలం మార్చి నుంచి జులై మధ్య దాకా. నీళ్ళు 75 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి వెచ్చబడితే చేపలు లోపలికొస్తాయి.

మార్చి, ఏప్రిల్ మొదట్లో పడవలు తక్కువ, చేపలు ఇంకా బెదిరి ఉండవు. కానీ ఉత్తరం నుంచి చల్లగాలి ఒక్కసారి దిగితే మూడు రోజులు నీళ్ళు చల్లబడి చేపలు మాయమవుతాయి. మీ సెలవు సరిగ్గా ఆ మూడు రోజులే అయితే చేయగలిగింది లేదు. మే, జూన్ నెలల్లో చేపలు అన్నిటికన్నా ఎక్కువ, పడవలు కూడా అంతే. మే చివర నుంచి జూన్ దాకా అమావాస్య, పున్నమిల చుట్టూ, సాయంత్రం ఆటు వేళ, పాలోలో పురుగులు అడుగు నుంచి పైకి లేచి సముద్రంలోకి కొట్టుకుపోతాయి. ఆ గంటా రెండు గంటలు టార్పన్ ఒళ్ళు మరిచి తింటుంది. అది పడిన సాయంత్రం అదృష్టం. దాన్ని నమ్ముకుని టికెట్లు మాత్రం కొనొద్దు.

మనవాళ్ళలో చాలామంది మే ఆఖరి సోమవారం వచ్చే మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌కి ప్లాన్ చేస్తారు, ఆఫీసులో ఒక్క రోజు సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయని. దయచేసి ఆ వారాంతం వద్దు. రోడ్డు నిండా కార్లు, నీళ్ళ నిండా జెట్ స్కీలూ పార్టీ బోట్లూ. హోటల్ రేట్లు చెప్పనక్కర్లేదు. పైగా మంచి గైడ్ల దగ్గర ఆ రోజులు పాత కస్టమర్లకి ఏడాది ముందే పోయి ఉంటాయి.

నేను రెండే సలహాలిస్తాను. మూడు రోజులు తీసుకోగలిగి, ఒక రోజు వాతావరణం పాడైనా ఫరవాలేదనుకునేవాళ్ళు ఏప్రిల్ ఆఖరి పది రోజుల్లో, అదీ వారం మధ్యలో వెళ్ళండి. నేర్చుకోవడమే ముఖ్యం అనుకునేవాళ్ళు జులై మొదటి రెండు వారాలు చూడండి. పెద్ద చేపలు పల్చబడతాయి, ఎండ మాడ్చేస్తుంది, మధ్యాహ్నం ఉరుములొస్తే ఒడ్డుకి పరిగెత్తాలి. కానీ గైడ్లకి ఖాళీ ఉంటుంది, తొందరా టెన్షనూ ఉండవు, నీళ్ళలో పడవలూ తక్కువ. తెల్లవారగానే బయల్దేరి పదకొండుకి ముగించే హాఫ్ డే కూడా ఈ నెలలో సరిపోతుంది. మేలో మాత్రం హాఫ్ డే తీసుకోకండి. ఆటుపోట్లు మారే వేళకి మీరు ఒడ్డున ఉంటారు.

గైడ్

టార్పన్ గైడ్ పని మన గోదావరి, కృష్ణ పాయల్లో గెడ వేసి పడవ నడిపే సరంగు పనికి దగ్గర. స్కిఫ్ అనే పదహారు, పద్దెనిమిది అడుగుల పల్చటి పడవ. అరచేతి లోతు కాకపోయినా అడుగు లోపు నీళ్ళలో కూడా తేలుతుంది. వెనక మోటారు మీద ఒక చిన్న మంచె ఉంటుంది. బిస్కేన్ బే గైడ్ బిల్ కర్టిస్ 1970లలో మొదలుపెట్టిన ఏర్పాటు అది. గైడ్ దాని మీద నిలబడి పొడవాటి గెడతో పడవని తోస్తూ చేపని వెతుకుతాడు. మీరు ముందు ముక్కు మీద, లైన్ కాళ్ళ దగ్గర చుట్టలుగా పోసుకుని నిలబడతారు. అతను పైన ఉన్నాడు కాబట్టి చేప ముందు అతనికే కనిపిస్తుంది. పడవ ముక్కు పన్నెండు గంటలు అనుకుని దిక్కు చెప్తాడు. "పది గంటలు, అరవై అడుగులు, ఎడమకి నడుస్తోంది." మీరు రాడ్‌ని ఆ దిక్కుకి చూపాలి, అతను "ఇంకొంచెం కుడి" అని సరిచేయాలి, మీకు చేప కనపడాలి, అప్పుడు వేయాలి. ఇదంతా ఏడెనిమిది సెకన్లు. అంటే మీ ఇద్దరి మధ్య మాట కుదరడమే ఈ వేటలో సగం.

ఒక ఏడాది నేను పేరు మాత్రమే చూసి ఒక గైడ్‌ని కుదుర్చుకున్నాను. చేపల్ని వెతకడంలో ఆయనకి తిరుగులేదు. కానీ నేను తప్పు వేసిన ప్రతిసారీ పైనుంచి అరుపు. మధ్యాహ్నానికి నా చేతులు బిగుసుకుపోయాయి. చేప కనిపిస్తే సంతోషం పోయి భయం వేయడం మొదలైంది. పద్నాలుగు అవకాశాలొచ్చాయి, ఒక్కటీ సరిగ్గా వేయలేదు. మర్నాడు వేరే గైడ్, నాలుగే అవకాశాలు, ఒక చేప ఎగిరింది. గాల్లో ఆరడుగుల వెండి, మొప్పలు గలగలమన్న శబ్దం, నీళ్ళు పడవ మీద దాకా చిందాయి. ఆ రెండు రోజులూ పక్కపక్కనే చూసుకున్నాక, చేపల్ని చూపించే గైడ్ కంటే చేప ముందు మనల్ని నిలబెట్టే గైడ్ కావాలని గట్టిగా నిర్ణయించుకున్నాను.

ఫోన్‌లో ఎలా తెలుస్తుంది అంటారా? ముందు మీ గురించి నిజం చెప్పండి. "నేను గాలి లేకపోతే యాభై అడుగులు వేస్తాను, గాలుంటే ముప్పై, టార్పన్ ఎప్పుడూ పట్టలేదు." ఇది విన్నాక అవతలి మనిషి ఏమంటాడో వినండి. "ఫరవాలేదు, ఏప్రిల్‌లో ఫలానా చోటికి తీసుకెళ్తాను, మొదటి అరగంట ప్రాక్టీసు చేద్దాం" అన్నవాడు మీ గైడ్. నిన్న ఎన్ని పట్టించాడో చెప్పడం మొదలుపెట్టినవాడిని మర్యాదగా వదిలేయండి. పేరున్న గైడ్‌కి ఖాళీ లేదంటే ఫోన్ పెట్టేయకండి. ఓపిగ్గా నేర్పేవాళ్ళెవరైనా తెలుసా అని అడగండి. అక్కడ గైడ్లందరికీ ఒకరికొకరు తెలుసు, చాలామంది సంతోషంగా చెప్తారు. నేను ఇప్పటికీ వెళ్ళే గైడ్ నాకు అలాగే దొరికాడు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. కీస్‌లో టార్పన్ సీజన్‌లో ఒక రోజుకి ఏడెనిమిది వందల డాలర్ల నుంచి వెయ్యి దాటి కూడా ఉంటుంది, పైన పదిహేను నుంచి ఇరవై శాతం టిప్. అడ్వాన్సు ఎంత, మనం రద్దు చేస్తే ఎంత పోతుంది, గాలి వల్ల అతను రద్దు చేస్తే వెనక్కిస్తాడా, రాడ్లు అతనివా మనవా, ఇవన్నీ ముందే అడిగి మెసేజ్‌లో రాయించుకోండి. ఫ్లోరిడాలో లైసెన్సున్న చార్టర్ కెప్టెన్‌తో వెళ్తే ఆ లైసెన్సే మీకూ వర్తిస్తుంది, విడిగా ఫిషింగ్ లైసెన్స్ కొనక్కర్లేదు. ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కు నీళ్ళలోకి తీసుకెళ్ళేవాడికి పార్కు అనుమతి ఉండాలి. ఆ సంగతి అడగడంలో తప్పేం లేదు.

ఇద్దరు కలిసి వెళ్తే ఖర్చు సగం. కానీ ముక్కు మీద నిలబడేది ఒక్కరే. వంతులు పెట్టుకోవాలి. అరగంటకో, ఒక చేప తిన్నాకో మారాలి. కుదిరే స్నేహితుడైతే ఇదే నాకు ఇష్టం. రోజంతా ఎండలో నిలబడి చూడటం కళ్ళకి భారం, మధ్యలో కూర్చోవడం మంచిదే. కానీ బాగా వచ్చినవాడూ అసలు రానివాడూ కలిసి ఒకే పడవ ఎక్కితే ఇద్దరికీ బాధే. చేతిలో డబ్బు మూడు రోజులకుంటే ముగ్గురు గైడ్లని ప్రయత్నించే కంటే ఒకరితోనే మూడు రోజులు వెళ్ళండి. మొదటి రోజు అతను మిమ్మల్ని తెలుసుకుంటాడు. మూడో రోజుకి మీరు ఎంత దూరం వేయగలరో చూసి పడవని అంతలోనే నిలబెడతాడు.

ఇంకొన్ని చోట్లు

టాంపా, ఓర్లాండో నుంచి ఇస్లమొరాడాకి ఐదు గంటల పైనే డ్రైవింగ్. అంత దూరం ఎందుకు, ఫ్లోరిడా పడమటి తీరంలోని బోకా గ్రాండే దగ్గరే కదా అని అడుగుతారు. బోకా గ్రాండే పాస్, అంటే దీవుల మధ్య సముద్రంలోకి వెళ్ళే పాయ, లోతు నీళ్ళు, అక్కడి ప్రధాన వేట బతికున్న పీతలతో. మే, జూన్‌లలో పక్కనున్న బీచ్‌ల వెంబడి నడిచే చేపలకి ఫ్లై వేసే గైడ్లు ఉన్నారు, అది మంచి ప్రత్యామ్నాయమే. అదే తీరంలో టాంపాకి ఉత్తరాన ఉన్న హొమొసాసా మా ఇంటికి ఇంకా దగ్గర. ఫ్లై మీద టార్పన్ ప్రపంచ రికార్డు, 202 పౌన్ల 8 ఔన్సులది, 2001 మే నెలలో ఆ నీళ్ళలోనే పడింది. కానీ ఒకప్పుడున్నన్ని చేపలు ఇప్పుడు అక్కడికి రావడం లేదు. పెద్ద చేప ఒక్కటి కోసం రోజుల తరబడి నిలబడే ఓపిక ఉన్నవాళ్ళ చోటది. కొత్తవాళ్ళని పంపను.

కీస్‌లోనే కొసనున్న కీ వెస్ట్, అక్కడి నుంచి పడమరగా సముద్రంలో ఉండే మార్కెసాస్ దీవులు చాలా అందమైన చోటు. పడవ ప్రయాణం ఎక్కువ, గాలుంటే ఆ రోజు వెళ్ళడం కుదరదు.

మీకు ఫ్లై ముఖ్యం కాదు, పెద్ద టార్పన్ ఒకటి ఎగరడం చూడాలి, పిల్లలు కూడా వస్తారు అంటే, కీస్‌లోని బహియా హొండా, సెవెన్ మైల్ బ్రిడ్జి లాంటి వంతెనల దగ్గర బతికున్న ఎరతో వెళ్ళండి. చేప తగిలే అవకాశం చాలా ఎక్కువ. ఒకటే ఇబ్బంది, అక్కడ హ్యామర్‌హెడ్, బుల్ షార్క్ అనే సొరచేపలు కాచుకుని ఉంటాయి.

ఇంకో దారి ఉంది, చాలామందికి నేను చెప్పేది అదే. పిల్ల టార్పన్. మెక్సికోలో కంపెచే ఊరి దగ్గర మడ అడవుల వెంబడి ఐదు నుంచి ఇరవై పౌన్ల చేపలు తిరుగుతాయి. మెరీడాలో దిగి రెండు గంటలు కారులో వెళ్తే చాలు. ఎనిమిదో నంబరు రాడ్ సరిపోతుంది, చెయ్యి నొప్పి పుట్టదు. ఒక్క పొద్దుటిలో నాలుగైదు చేపలు ఫ్లై తినొచ్చు. లైన్ లాగి గాలం దించడం, చేప ఎగిరినప్పుడు వంగడం, ఇవి చేతికి అలవాటవ్వాలంటే మళ్ళీ మళ్ళీ జరగాలి కదా. కీస్‌లో మూడు రోజుల్లో రెండుసార్లు జరిగేది అక్కడ ఒక్క రోజులో జరుగుతుంది. వంద పౌన్ల చేపతోనే మొదలుపెట్టాలనే పట్టుదల లేకపోతే, మొదటి ఏడాది అక్కడికి, రెండో ఏడాది కీస్‌కి.

రాడ్, లైన్, లీడర్

ఇప్పుడు రాడ్. పదో నంబరు వేయడం తేలిక, చేపని పైకి లేపడం కష్టం. పన్నెండు చేపని త్వరగా అలసగొడుతుంది, కానీ రోజంతా ఊపితే భుజం పడిపోతుంది. అందుకే చాలామంది పదకొండు దగ్గర ఆగుతారు, నేనూ అంతే. మొదటి ట్రిప్‌కి ఏదీ కొనకండి, గైడ్‌వి వాడండి. డబ్బు పెట్టాలనుంటే రీల్, అంటే లైన్ చుట్టుకునే చక్రం, మీద పెట్టండి. సాఫీగా పట్టే డ్రాగ్ (రీల్‌కి బ్రేకు లాంటిది), లైన్ వెనక కనీసం 200 గజాల బ్యాకింగ్ (అదనపు దారం) ఉండాలి. సొంతానికి కొనాల్సింది మంచి పోలరైజ్డ్ కళ్ళద్దాలు, రాగి రంగు లేదా అంబర్ అద్దాలతో. అవి లేకపోతే గైడ్ ఎంత చూపించినా మీకు నీళ్ళే కనిపిస్తాయి.

లైన్‌లో తేలేదా, మెల్లగా మునిగేదా అన్నది గైడ్‌కే వదిలేయండి. తేలే లైన్‌ని తప్పు వేస్తే వెంటనే ఎత్తి మళ్ళీ వేయొచ్చు కాబట్టి కొత్తవాళ్ళకి అదే నయం. గాలి, అలలు ఉన్న సముద్రం వైపు ఇంటర్మీడియట్, అంటే మెల్లగా మునిగే లైన్, ఫ్లైని చేప ఎత్తులో బాగా నిలబెడుతుంది.

లీడర్‌లో, అంటే లైన్ చివర ఫ్లై కట్టే సన్నటి దారంలో, ఒక నిజమైన ఎంపిక ఉంది. రికార్డు నియమాల ప్రకారం వెళ్ళేవాళ్ళు మధ్యలో 16 లేదా 20 పౌన్ల లాగుడికి తెగే సన్నటి టిప్పెట్ ముక్క, చివర 60 పౌన్ల బలమైన ముక్క కడతారు. టార్పన్ దవడ ఇసుక కాగితంలా గరుకు కాబట్టి ఆ చివరి ముక్క తప్పదు. రికార్డు పట్టింపు లేనివాళ్ళు మధ్యది కూడా 30, 40 పౌన్లదే కట్టొచ్చు. నేను రెండోదే వాడతాను. బలంగా లాగితే చేప త్వరగా పడవ దగ్గరికొస్తుంది, అలసి చచ్చేదాకా సాగదు. మరీ లాగుడు పడితే ఎక్కడో ఒక చోట తెగేలా ఉండాలన్న ఆలోచన కూడా అవసరమే. గైడ్ వద్దన్నంత బలమైన ముక్క కట్టకండి.

వెళ్ళే ముందు రెండు నెలలు పార్కులో ప్రాక్టీసు చేయండి. గడ్డిలో పళ్ళెం పెట్టి, దూరం కోసం కాదు, త్వరగా వేయడం కోసం. రెండే ఊపుల్లో లైన్ వదలాలి. మా ఆవిడ పక్కన నిలబడి "పది గంటలు, యాభై" అని అరుస్తుంది, నేను ఆ దిక్కుకి వేస్తాను. కుడిచేతి వాళ్ళు ఒకటి, రెండు గంటల దిక్కుకి వెనక చేత్తో వేయడం తప్పకుండా నేర్చుకోవాలి. లేకపోతే లైన్ గైడ్ తల మీదుగా పోతుంది. పడవ మీద చెప్పులు వద్దు. ఒట్టి కాళ్ళతో ఉంటే లైన్ పాదం కింద పడింది వెంటనే తెలుస్తుంది.

చేప చేతికొచ్చాక

ఊళ్ళో మా పెద్దమ్మ ప్రతిసారీ అడుగుతుంది, "అంత చేప పట్టి వండుకోకుండా వదిలేస్తారట్రా?" అని. వదిలేయాల్సిందే. ఫ్లోరిడాలో 2013 నుంచి టార్పన్‌ని పట్టి వదలడమే చట్టం. రికార్డు కోసం చేపని ఉంచుకోవాలంటే మాత్రం ప్రత్యేకంగా ట్యాగ్, అంటే అనుమతి చీటీ, కొనాలి, అదీ మనిషికి ఏడాదికి ఒక్కటి. 40 అంగుళాలు దాటిన చేపని నీళ్ళలోంచి పైకి ఎత్తకూడదు. ఫోటో కోసం పడవ మీదికి లాగుదామనే గైడ్ ఉంటే మళ్ళీ అతని దగ్గరికి వెళ్ళొద్దు. ఇవి చాలా ఏళ్ళు బతికే చేపలు, గుడ్లు పెట్టే వయసు రావడానికే దగ్గర దగ్గర పదేళ్ళు పడుతుంది. మన చేతిలో అలసి సొరచేప నోట్లో పడితే ఆ ఏళ్ళన్నీ పోయినట్టే.

అందుకే పోరాటం ఎంతసేపు అన్నది గైడ్‌తో ముందే మాట్లాడుకోండి. చేప ఎగిరినప్పుడు రాడ్‌ని దాని వైపు వంచి లైన్ వదులు చేయాలి, లేకపోతే బరువుతో పడి తెంపేస్తుంది. నీళ్ళలో ఉన్నప్పుడు మాత్రం దానికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా పక్కకి, కిందికి లాగుతూనే ఉండాలి. మీరు చెయ్యి నొప్పని ఒక నిమిషం ఆగితే, అది పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి మళ్ళీ కొత్త చేప అవుతుంది. ఇరవై, ముప్పై నిమిషాల్లో రాకపోతే మనం సరిగ్గా లాగడం లేదని అర్థం. హ్యామర్‌హెడ్ రెక్క కనిపించిందా, డ్రాగ్ వదిలి, లైన్ పట్టి, తెంపేయండి. పోయిన ఏడాది బ్రిడ్జికి దగ్గరగా ఉండగా నేనూ అలాగే తెంపాను. నలభై గజాల దూరంలో సొరచేప నీడ, మధ్యలో నా టార్పన్. గైడ్ "ఇప్పుడు" అన్నాడు, చేతిలో లైన్ ఒక్కసారి తేలికైపోయింది. టార్పన్ ఛానెల్ అవతల ఒకసారి రోల్ అయి, గాలి మింగి, లోతులోకి వెళ్ళిపోయింది. సొరచేప పడవ కిందుగా రెండుసార్లు తిరిగి ఖాళీగా పోయింది. ఇద్దరం అక్కడే గెడ దించి, ఆటు తీసేదాకా మాట్లాడుకోకుండా నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాం.